టక్కుమన్నంత మాత్రాన

డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో తుడవబోతూ ఆగిపోయాను. ఆయిలు నల్లగా లేదు. పాలెక్కువ పోసిన టీ రంగులో ఉంది. ఇంజన్ పైన ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలివైపు మీగడలాంటిది అంటుకుని ఉంది. మూత తీసుకెళ్ళి వరండాలో కూర్చున్న నాన్నకి చూపించాను. ఆ మీగడ కాస్త వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, "నీళ్ళు కలిసినయ్. హెడ్డు దించాలి" అన్నాడు. ఎడమచేత్తో తీశాడు. కుడిచెయ్యి, 2019లో పక్షవాతం వచ్చినప్పటి నుంచి, ఆయన మాట సగమే వింటుంది.

తప్పు నాది. 2022 ఏప్రిల్. ఆఫీసు ఇంకా ఇంటినుంచే నడుస్తోంది కాబట్టి హైదరాబాద్ గది ఖాళీ చేసి విజయవాడలో ఉంటున్నాను. ఆ రోజు గుంటూరు నుంచి వస్తుంటే మంగళగిరి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. చెవుల్లో ఆఫీసు కాల్. ఎవరో ఏదో రిలీజ్ తేదీ గురించి వాదిస్తున్నారు, నేనూ వాదిస్తున్నాను. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటిన సంగతి బానెట్ కిందనుంచి ఆవిరి వచ్చేదాకా చూడలేదు. పాత రేడియేటర్ గొట్టం పగిలింది. గొట్టం ఖరీదు రెండొందల చిల్లర. అది పగిలాక కూడా నేను నడిపిన ఆ నాలుగు కిలోమీటర్లదే అసలు ఖరీదు.

బండి మారుతి 800. 1998 మోడల్, కార్బురేటర్‌ది. నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి, జీవితంలో ఒక్క కారు కొన్నాడు, దాన్ని ఇంకొకడి చేత ముట్టనివ్వలేదు. కొడుకు చేతికి మాత్రం గ్రీజు అంటకూడదని నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. నేను మెకానికల్ తీసుకున్నాను. అయినా గ్రీజు అంటలేదు. నాలుగేళ్ళలో వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక ఇనపముక్కని ఆకురాయితో రుద్ది చదరం చేశాను, అందులో సగం పక్కవాడు చేసిపెట్టిందే. తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్. రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చువేసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మాత్రం రెండుసార్లు చదివాను. మెకానిక్ చేతికుండే స్పర్శ గురించి అందులో ఒకచోట వివరంగా ఉంటుంది: నట్టుని వేళ్ళతో తిప్పడం వేరు, ఆనేదాకా తిప్పడం వేరు, బిగించడం వేరు అని. దాని మీద ఒక సమీక్ష కూడా రాశాను. పానా చేత పట్టకుండానే. అది ఇంకా ఎక్కడో ఉంది, దయచేసి వెతక్కండి.

ఆటోనగర్‌లో ఇచ్చేద్దాం నాన్నా అన్నాను. "నువ్వు చెయ్యి. నేను చెప్తా" అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం వినబడింది. అలాంటిది నాకు కొత్త. సరే అన్నాను.

ఇంజన్ సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. కింద బ్లాకు. అందులో మూడు సిలిండర్లు. పైన వాటికి మూతలాగా హెడ్డు. రెంటి మధ్యా అట్టముక్కంత మందాన గాస్కెట్, నాన్న భాషలో ప్యాకింగ్. అదొక్కటే మండే వాయువుని, నీళ్ళని, ఆయిల్ని ఒకదాన్నొకటి తాకకుండా ఆపాలి. హెడ్డుని కిందికి పట్టి ఉంచేది ఎనిమిది బోల్టులు. ఈ ఎనిమిదీ ఏం చేస్తున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు, ఆ రాత్రి కాగితం మీద లెక్కేస్తే భయమేసింది. సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. పెట్రోలు మండినప్పుడు లోపలి ఒత్తిడి వాతావరణానికి నలభై రెట్లు అనుకున్నా, హెడ్డుని పైకి తోసే బలం సుమారు ఒకటిన్నర టన్ను. ఆ కారు మొత్తం బరువు ముక్కాలు టన్ను కూడా ఉండదు. అంటే రెండు కార్ల బరువు కిందనుంచి గుద్దుతున్నట్టు. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో సెకనుకి ఇరవై ఐదుసార్లు. మనం లోపల పాటలు వింటూ కూర్చుంటాం.

విప్పడానికి రెండు శనివారాలు పట్టింది. విప్పడం పెద్ద కథ కాదు, గొట్టాలూ వైర్లూ ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ ఒక్కోటీ పీకడమే. బోల్టుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. విప్పేటప్పుడు బయట చివర్లనుంచి మధ్యకి, ఒక్కోటి కొంచెం కొంచెంగా. బిగించేటప్పుడు మధ్యనుంచి బయటికి. ఎందుకు అంటే, "దుప్పటి పరిచేటప్పుడు మీ అమ్మ చేత్తో ఎటునుంచి ఎటు నిమురుద్ది?" అన్నాడు. మధ్యలోంచి అంచులకి. ముందు అంచులు పట్టేస్తే ముడత మధ్యలో ఉండిపోతుంది. అల్యూమినియం హెడ్డు కూడా అంతే, వేడెక్కి వంగి ఉంటే ఇంకానూ. ఆటోనగర్‌లో లేత్ షాపుకి తీసుకెళ్ళి ఫేసింగ్ చేయించుకొచ్చాం. దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకు దూరుతుందేమో చూడమన్నాడు. ఎక్కడా దూరలేదు.

ఆన్‌లైన్లో టార్క్ రెంచి తెప్పించాను. పిడి తిప్పి సంఖ్య పెట్టుకుంటే, బోల్టు మీద అంత మెలి పడగానే టక్కుమంటుంది. నాకది తెగ నచ్చింది. మా మాన్యువల్లో హెడ్ బోల్టులకి 55 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య అని ఉంది. (మీ బండికి మీ మాన్యువల్ చూసుకోండి, నా మాట మీద బిగించకండి.) 58 పెట్టుకోవాలని నిర్ణయించాను. మొదటి విడత 20, రెండో విడత 40, చివరికి 58. ప్రతి విడతలోనూ మధ్యనుంచి బయటికి. టక్, టక్, టక్. నేను ఉద్యోగంలో రోజంతా చూసేది ఇలాంటిదాన్నే. టెస్టులన్నీ నడిచి తెరమీద పచ్చరంగు వస్తే కోడ్ మంచిదన్నమాట. పచ్చరంగు వచ్చాక కడుపులో ఏం ఉందో ఎవడూ అడగడు.

చివరి విడతలో మూడో బోల్టు గర్రుమంది. చిన్న చప్పుడు. తలుపు బందు నూనె లేక మూలిగినట్టు, ఆగి ఆగి. వెంటనే టక్కుమంది. నేను నాలుగోదానికి వెళ్ళాను.

"మూడోది ఒకసారి ఇప్పి చూడు."

"క్లిక్ వచ్చింది నాన్నా."

"వచ్చింది. ఇప్పి చూడు."

"యాభై ఎనిమిది వచ్చిందంటే వచ్చినట్టే. అందుకేగా ఇది కొంది."

అమ్మ కాఫీ తెస్తూ విని, "వాడు ఇంజనీరింగ్ చదివాడండీ, వాడికి తెలీదా" అంది. ఆమెకి నన్ను మెచ్చుకునే అవకాశాలు తక్కువ, అందుకని వదులుకోదు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. కాఫీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు.

బండి మొదటి సెల్ఫుకే స్టార్టయింది. ఆ రోజు నేను పెట్టిన స్టేటస్ ఫొటోకి వచ్చినన్ని లైకులు నా ఏ పుస్తక సమీక్షకీ రాలేదు.

మూడు వారాలు. ఫిజియోథెరపీకి నాన్నని అమ్మ తీసుకెళ్తుంది, బండి నేను నడుపుతాను. ఆ రోజు మీటింగ్ ఉండి డ్రైవర్ని మాట్లాడి పంపాను. బెంజి సర్కిల్ దాటాక బండి ఆగిపోయింది. మధ్యాహ్నం పన్నెండు, మే నెల. మీటింగ్‌లో ఉన్నానని అమ్మ నాకు ఫోన్ చెయ్యలేదు. డ్రైవరు ఎటో వెళ్ళి ఆటో పట్టుకొచ్చేదాకా నలభై నిమిషాలు ఆ ఎండలో, నిలబడటానికి గోడ కావలసిన మనిషి, బండి డోరు పట్టుకుని నిలబడ్డాడు. డోరు ఎంత కాలిందో ఎడమ అరచేయి చూస్తే తెలిసింది. ఇంటికొచ్చి నాతో ఒక్కటే అన్నాడు: "రేడియేటర్లో బుడగలొస్తున్నాయ్రా."

'నేను చెప్పానా' అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి అటక మీదనుంచి నా మెషీన్ డిజైన్ పుస్తకం దించాను. బోల్టుల అధ్యాయంలో ఒక సూత్రం ఉంది, పరీక్షలో దానికి నాలుగు మార్కులు. మెలి అంటే టార్క్, సమానం, ఒక గుణకం, ఇంటూ బోల్టు వ్యాసం, ఇంటూ బోల్టు లాగే బలం. ఆ గుణకం దగ్గర మేమందరం 0.2 అని రాసి ముందుకెళ్ళిపోయేవాళ్ళం. అదేమిటో అడగలేదు. అది రాపిడి. అసలు కథంతా దాన్లోనే ఉంది.

బోల్టుని మనం బిగిస్తున్నాం అనుకుంటాం. నిజానికి సాగదీస్తున్నాం. ఉక్కు బోల్టు ఒక గట్టి స్ప్రింగు. దాన్ని వెంట్రుకవాసి సాగదీస్తే, వెనక్కి ముడుచుకోవాలని చూస్తూ హెడ్డుని బ్లాకుకి అదిమి పట్టుకుంటుంది. మనకి కావలసింది ఆ సాగడం. టార్క్ రెంచి కొలిచేది దాన్ని కాదు. బోల్టు తిరగడానికి ఎంత మొరాయిస్తోందో దాన్ని. మనం వేసిన మెలిలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి. బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతు. ఆ మొదటి రెండిట్లో ఏది కాస్త అటూ ఇటూ అయినా ఈ పదో వంతు అతలాకుతలం అయిపోతుంది.

ఉదాహరణకి పది మిల్లీమీటర్ల బోల్టు, అరవై న్యూటన్ మీటర్లు అనుకోండి. గుణకం పుస్తకంలోలాగా 0.2 అయితే బోల్టు మూడు టన్నుల బలంతో పట్టుకుంటుంది. మరలకి నూనె రాసి గుణకం 0.15కి దిగితే నాలుగు టన్నులు. తుప్పూ మట్టీ పట్టి 0.3కి ఎక్కితే రెండే టన్నులు. మూడిట్లోనూ రెంచి ఒకే సంఖ్య దగ్గర, ఒకేలా టక్కుమంటుంది. నాలుగు టన్నులకీ రెండు టన్నులకీ తేడా దానికి తెలీదు. నూనె రాయమంటే రాయాలి, పొడిగా ఉంచమంటే ఉంచాలి అని మాన్యువల్ ఎందుకు అంత కచ్చితంగా చెప్తుందో అప్పుడర్థమైంది. ఆ సంఖ్య ఏదో ఒక రాపిడిని ఊహించుకుని ఇచ్చిందే.

ఇప్పటి ఇంజన్లు చాలావాటిలో ఈ ఇబ్బందిని చుట్టుతిరిగి తప్పించుకున్నారు. కొద్దిపాటి టార్క్ వరకే రెంచి. ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పు అంటారు, తొంభై, మళ్ళీ ఇంకో తొంభై. రాపిడి ఎంతున్నా మర జరిగే దూరం మారదు కదా. 1.25 మిల్లీమీటర్ల మర ఉన్న బోల్టుని పావు చుట్టు తిప్పితే 0.31 మిల్లీమీటర్లు దిగాల్సిందే. ఆ బోల్టుల్ని తిరిగి వెనక్కి రానంతగా సాగదీస్తారు కాబట్టి విప్పితే మళ్ళీ వాడకూడదు, కొత్తవి వెయ్యాలి. మా 1998 బండికి ఆ యోగం లేదు.

మర్నాడు నాన్నకి ఇదంతా చెప్పాను. లెక్కలతో సహా. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "రెంచి తప్పు చెప్పలేదు. బోల్టు అబద్ధం చెప్పింది. అది అరిచింది కూడా" అన్నాడు.

నేను ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అప్పటికి నా బుర్రలో ఒక వ్యాసం తయారవుతోంది. చదువుకున్న కొడుకూ యంత్రమూ ఓడిపోయి, చదువులేని తండ్రీ ఆయన చేతి స్పర్శా గెలిచే వ్యాసం. అలాంటివి మనకి ఇష్టం, నేనూ చాలా చదివాను, కొన్నిటికి కళ్ళు తుడుచుకున్నాను. అందుకే అడిగాను: డిపోలో మీరు చేత్తోనే బిగించేవాళ్ళా? నాన్న నవ్వాడు. "లేలాండ్ హెడ్డుని చేత్తో బిగించి రోడ్డు మీదకి పంపుతామా? యాభై మంది ఎక్కుతారు." టార్క్ రెంచితోనే బిగించేవాళ్ళట. కొత్తలో ఒక పెద్ద మెకానిక్ వీళ్ళ చేత చేత్తో బిగింపించి, తర్వాత రెంచి పెట్టి చూపించేవాడట ఎంత తేడా వచ్చిందో. పొద్దున డ్యూటీలో నాన్న చెయ్యి బాగానే ఉండేది. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున చూస్తే ఒక్కోటి ఒక్కోలా. "నిద్ర లేని చెయ్యి ఏదైనా చెప్పుద్ది. అందుకే రెంచి. బోల్టు ఏం చేస్తుందో చూడ్డానికి చెయ్యి, చెవి. రెండూ ఉండాల." ఆయన చెప్పింది అంతే. నా వ్యాసం అక్కడ చెడిపోయింది.

మళ్ళీ విప్పాం. ఈసారి ఒక్క శనివారమే పట్టింది. తీసిన గాస్కెట్‌ని నాన్న వెలుతురులోకి పట్టుకుని చూశాడు. నేను పుస్తకాల్ని అంత నిదానంగా చదవను. సిలిండర్ల చుట్టూ ఉన్న లోహపు వలయం మీద నొక్కుడు గుర్తు అన్నిచోట్లా నిగనిగలాడుతోంది, మూడో బోల్టు పక్కన మాత్రం మసగ్గా ఉంది. అక్కడినుంచి నీళ్ళ రంధ్రం దాకా సన్నటి నల్లగీత. మంట అక్కడ దారి చేసుకుంది.

"ఇప్పుడు రెంచి లేకుండా, వేళ్ళతో దింపు బోల్టులు" అన్నాడు. హెడ్డు లేని బ్లాకులోకి ఒక్కో బోల్టునీ వేళ్ళతో తిప్పాను. ఏడు గుంటల్లో అడుగుదాకా హాయిగా దిగాయి. మూడోదాంట్లో సగం దిగి ఆగింది. ఇంత చిన్న పరీక్ష. రెండు నిమిషాల పని. ఇది మొదటిసారే చేసి ఉంటే బెంజి సర్కిల్ ఉండేది కాదు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి కూలెంట్ బదులు కుళాయి నీళ్ళే పోశాం, ఎక్కడో ఊరి ఊరి ఆ గుంటలో తుప్పు కట్టింది. బోల్టు అడుగున ఆ తుప్పుతో కుస్తీ పడుతుంటే రెంచి దాన్నే బిగింపు అనుకుంది.

ఈసారి బోల్టులు కొత్తవి తెచ్చాను కాబట్టి పాతదాన్ని ఒకదాన్ని బలిచ్చాం. నాన్న చెప్పినట్టు హ్యాక్‌సా బ్లేడుతో దాని మరల మీద నిలువుగా గాడి కోశాను. దాన్ని కిరసనాయిల్లో ముంచి గుంటలోకి తిప్పడం, అర చుట్టు వెనక్కి, మళ్ళీ ముందుకి. తుప్పు ఆ గాడిలో చేరుతుంది. తీసి తుడిచి మళ్ళీ. ఎర్రటి బురద ఎంత వచ్చిందో చెప్తే నమ్మరు. తర్వాత గుంటని గుడ్డపేలికతో ఒత్తి, సైకిల్ పంపుతో ఊదాను. అడుగున చుక్క కిరసనాయిలు కూడా మిగలకూడదని మూడుసార్లు చూపించుకున్నాడు. అడుగు మూసుకుపోయిన గుంటలో ద్రవం ఉండిపోతే, బోల్టు దిగేటప్పుడు అది ఎటూ పోలేక బ్లాకునే పగలగొట్టగలదు. డిపోలో అట్లా ఒక బ్లాకు పోవడం కళ్ళారా చూశాడట.

కొత్త బోల్టులకి మరల మీదా, తల కిందా పల్చగా ఇంజన్ ఆయిల్ రాశాను. నాన్న లేచి వచ్చి బంపర్‌కి ఆనుకుని నిలబడ్డాడు. తన ఎడమచెయ్యి తెచ్చి రెంచి పిడి మీద, నా చేతి పక్కన పెట్టాడు. లాగడానికి కాదు, బలం వెయ్యలేదు. ఊరికే ఆనించి ఉంచాడు.

"గుంజొద్దు. ఒకే ఊపున, మెల్లగా." నేను నాలుగో బోల్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి టక్కుమనే ముందు ఆగాను. "ఆగావా? కొంచెం ఇప్పి మళ్ళీ మొదలెట్టు" అన్నాడు. ఆగిన బోల్టు మళ్ళీ కదలడానికి కదిలేదానికంటే ఎక్కువ మొరాయిస్తుంది, దాంతో రెంచి ముందే టక్కుమంటుంది. స్టాటిక్ ఫ్రిక్షన్, ఇంటర్మీడియట్ ఫిజిక్స్. ఆయన నోట 'ఆగావా' అని రెండక్షరాలు ఎక్కువ లేవు.

మూడో బోల్టుకి వచ్చేసరికి నా అరచేయి చెమట పట్టింది. ఇరవై దగ్గర చప్పుడు లేదు. నలభై దగ్గర లేదు. చివరి విడతలో నేను కళ్ళు మూసుకున్నాను, ఎందుకో తెలీదు. పిడి బరువు మెత్తగా పెరుగుతూ వచ్చింది. ఎక్కడా తట్టుకోలేదు. రబ్బరు సాగినట్టు కాదు, దాన్ని దేనితో పోల్చాలో వెతుక్కుంటున్నాను ఇప్పటికీ. లోపల ఏదో సాగుతున్నట్టు చేతికి తెలిసింది, లేదా తెలిసిందని నేను అనుకున్నాను. టక్కుమంది. నాన్న వైపు చూశాను. ఆయన నాలుగో బోల్టు వైపు చూస్తున్నాడు.

సాయంత్రానికి బండి స్టార్ట్ చేసి ఫ్యాన్ తిరిగేదాకా ఉంచాం. రేడియేటర్ మూత దగ్గర టార్చి పట్టుకుని అమ్మ కూడా చూసింది. బుడగలు లేవు. ఇంజన్ రాత్రంతా చల్లారాలి, మా ప్యాకింగ్ రకానికి పొద్దున ఇంకోసారి వరసగా బోల్టులన్నీ సరిచూడాలన్నాడు.

పొద్దున ఆరింటికి నేను లేచి వచ్చేసరికి నాన్న అప్పటికే బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో టార్క్ రెంచి. రాత్రి నేను దాన్ని 58 మీదే వదిలేసి పెట్టెలో పడేశాను. వాడనప్పుడు లోపలి స్ప్రింగుని వదులు చెయ్యకపోతే అది కొలత తప్పుతుంది. కుడి మోచేత్తో రెంచిని కడుపుకి అదిమి పట్టుకుని, ఎడమచేత్తో పిడిని ఒక్కో గీత వెనక్కి తిప్పుతున్నాడు. యాభై. నలభై అయిదు. నేను సాయం పట్టబోతే వద్దని తల ఊపాడు. పక్కన కూర్చున్నాను. పాలవాడు వచ్చి వెళ్ళాడు. ఆయన ఇంకా ముప్ఫై దగ్గరున్నాడు.